ఏరి, తీసి, పేర్చి

అక్కా,

ఫోన్ చెయ్యక ఈ ఉత్తరమేమిటే అంటావు. ఫోన్లో అయితే నేనొక మాట అనేలోపు నువ్వు నాలుగంటావు. చివరికి నేనే "సరేలే" అని పెట్టేస్తాను. కాగితం మీద నువ్వు అడ్డు రాలేవు కనక, కూర్చుని చదువు.

నిన్న మా బ్లడ్ బ్యాంకుకి సాఫ్ట్‌వేర్ అమ్ముకునే అతనొకడు వచ్చాడు. నున్నగా దువ్విన తల, అంతకంటే నున్నటి మాటలు. మనిద్దరం రాసిన చిన్న ప్రోగ్రాములన్నీ తీసేసి వాటి చోట ఒకే ఒక్క పెద్ద ప్రోగ్రాము పెడతాడట. దాతల పేర్లు అందులోనే, రక్తం ప్యాకెట్లు అందులోనే, పరీక్షలు అందులోనే, చివరికి నర్సుల సెలవులు కూడా అందులోనే. దానికేదో గొప్ప పేరుంది గాని, నేను మాత్రం కుంభకర్ణుడని పెట్టుకున్నాను. లేవడానికే ఒక పూట పడుతుంది, లేచాక ఉన్నదంతా తనకే కావాలంటాడు. అలా లోపల నవ్వుకుంటూ వింటున్నాను. ఇంతలో అతను టీ తాగుతూ అన్నాడు: "మీ అక్కగారే మేడమ్ మా కంపెనీలో సలహాదారు. ముందు ఈ ఆస్పత్రికే వెళ్ళమని ఆవిడే చెప్పారు."

పైకి "అలాగా" అన్నాను గాని, నోటి దగ్గర ముద్ద ఎవరో లాగేసుకున్నట్టయింది. పరాయివాళ్ళు పంపి ఉంటే పోట్లాడేదాన్ని. పంపింది నువ్వయితే నేనెవరితో పోట్లాడను? చాలా బాధ పడ్డానక్కా. ఇప్పటికీ పడుతున్నాను.

మన గది గుర్తుందా నీకు? రక్తం పెట్టే ఫ్రిజ్‌లకీ సామాన్ల కొట్టుకీ మధ్య ఇరుక్కున్న గది. గోడ అవతల ఫ్రిజ్‌లు పొద్దస్తమానం గురకపెట్టేవి. కాగితాలు ఎగిరిపోతాయని నువ్వు ఫ్యాను వెయ్యనిచ్చేదానివి కాదు. ఇద్దరికీ కలిపి ఒకటే కంప్యూటరు. నువ్వు కొడుతుంటే నేను భుజం మీంచి తొంగి చూసేదాన్ని, నా జడ మెడకి తగులుతోందని నువ్వు విసుక్కునేదానివి. అంత ఉక్కలోనూ, అంత విసుగులోనూ ఎంత హాయిగా ఉండేవాళ్ళం! పొద్దున్నే తాళం తీసేటప్పుడు ఇప్పటికీ నీ చెప్పులు గుమ్మం పక్కన ఉన్నాయేమోనని చూస్తాను.

నేను మొదటి ప్రోగ్రాము రాసి, గొప్పగా నీకు చూపించిన రోజు చెప్పనా?

"ఏం చేస్తుందే ఇది?" అన్నావు.

"ఓ నెగటివ్ దాతల్ని ఏరుతుంది, ఇంకా ఈమధ్యే ఇచ్చినవాళ్ళని తీసేస్తుంది, ఇంకా మిగిలినవాళ్ళని వరసగా పేరుస్తుంది, ఇంకా..."

"ఆగాగు తల్లీ, ఎన్ని ఇంకాలే! ఇంకా అన్న ప్రతిచోటా కత్తెర వెయ్యి."

నేను కిందా మీదా పడి రాసినదాన్ని ఒక్క పూటలో ముక్కలు చేసి పారేశావు. ఆ రోజు నుంచి నేను ఇంకమ్మని, నువ్వు కత్తెరక్కవి. ఆస్పత్రంతా అలాగే పిలిచింది. ల్యాబ్ అతనికి మన అసలు పేర్లు ఈ రోజుకీ తెలియవు.

ఒక్కో ముక్కకి ఒక్కో మాట పేరు పెట్టావు. ఏరు, తీసెయ్, పేర్చు, లెక్కించు, పోల్చు. తెలుగు మాటలనే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేవాళ్ళం. ఏ ముక్కకైనా ఒకటే పని. ఏది ఏమిచ్చినా మామూలు అక్షరాల్లోనే ఇవ్వాలి, ఒక మనిషికి ఒక వరుస. "ఒకటి కక్కింది ఇంకోటి తినగలగాలే" అనేదానివి, అదీ నేను అన్నం కలుపుకుంటున్నప్పుడే. ముద్ద దిగేది కాదు.

వీటిని కలపడం ఎలాగంటే నన్ను మళ్ళీ బడికి పంపావు. "అసమాపక క్రియలు చదువుకోలేదూ? లేచి, మొహం కడుక్కుని, టీ తాగి, వచ్చావు. ఒక పని తన మాట పూర్తి చెయ్యకుండా పక్కదానికి చెయ్యి అందిస్తుంది. అన్నిటికీ చివర ఒక్కటే క్రియ. మన ముక్కలూ అంతే. ఏరి, తీసి, పేర్చి, లెక్కించు." ఒక ముక్కని ఇంకోదానికి తగిలించడానికి మధ్యలో కొట్టే నిలువు గీతకి కొక్కెం అని పేరు పెట్టుకున్నాం. నాకు వ్యాకరణం అర్థమైంది ఆ గదిలోనే.

వంతెన మూసేసిన రోజు సంగతి నేను ఎన్నిసార్లు తలుచుకున్నానో! ఏరు పొంగి, ఊరు రెండు ముక్కలయింది. కాన్పుకి వచ్చినామెకి ఓ నెగటివ్ రక్తం కావాలి. దాతల్లో సగం మంది అవతలి ఒడ్డున. "వంతెనకి ఇవతల ఉండే దాతలు" అనే ప్రోగ్రాము లోకంలో ఎవరూ రాసి ఉండరు. అప్పటి పెద్ద డాక్టరుగారు గుమ్మంలో నిలబడి "ఎంతసేపు పడుతుందమ్మా?" అంటే నువ్వు వెంటనే కంప్యూటరు మీద కొట్టడం మొదలెట్టావు. రక్తాన్ని బట్టి ఏరి, వీధుల్ని బట్టి మళ్ళీ ఏరి, ఈమధ్య ఇచ్చినవాళ్ళని తీసేసి, దగ్గరవాళ్ళు ముందొచ్చేలా పేర్చావు. ఆయన కళ్ళజోడు తుడుచుకునేలోపు ప్రింటరు మొదలెట్టింది. జాబితాలో మొదటి పేరు బేకరీ ఆయనది, పిండి చేతులతోనే పరుగెత్తుకొచ్చాడు. తల్లీ బిడ్డా దక్కారు. అందరూ దానికి సంబరపడుతుంటే నువ్వు నా చెవిలో "చూశావటే, ఈ ప్రశ్న కోసమని ఒక్క ముక్కా రాయలేదు" అని మురిసిపోయావు.

బావకి బదిలీ అయి మీరు వెళ్ళిపోయాక ఆ గదిని కంటికి రెప్పలా కాచుకొచ్చాను. కంప్యూటర్లు మారాయి, ప్రింటరు మూలపడింది, ముక్కలు మాత్రం అవే. ఒక్కటీ పాడుకాలేదు. అలాంటి గదిలోకి నువ్వే కుంభకర్ణుణ్ణి తోలావు.

ఇంకో రెండు వారాలకి, శుక్రవారం నాడు సమావేశం. ఇప్పుడున్న డాక్టరమ్మ ఇద్దరి మాటా విని, మన ముక్కల్ని ఉంచాలో తీసెయ్యాలో తేలుస్తుంది. నేను నీ కంపెనీకి ఎదురు మాట్లాడబోతున్నాను. నీకు చెప్పకుండా చెయ్యడం నాకు చేతకాదు. కోపం వస్తే రానీ.

నీ
ఇంకమ్మ


ఇంకమ్మా,

కోపం రాలేదే. చదువుతుంటే ఆ గది ఉక్క నా ఒంటికి తగిలింది. బావకి కూడా చదివి వినిపించాను.

అవును, అతన్ని నేనే పంపాను. ఎందుకో చెబుతాను, నువ్వూ అడ్డు రాకు. ఇదీ కాగితమే.

నా కూతురి పెళ్ళికి పిన్నివై ఉండి పొద్దున వచ్చి సాయంత్రం బండెక్కేశావు. బావకి ఆపరేషన్ అయినప్పుడు ఫోన్లో భోరున ఏడ్చావు గాని రాలేదు. ఎప్పుడడిగినా ఒకటే పాట: "నేను లేకపోతే ఎవరు కలుపుతారక్కా?" మొదట్లో ముచ్చటేసేది. ఇప్పుడు భయమేస్తోంది. ముక్కల్ని అంత చిన్నవిగా ఎందుకు కోశాననుకున్నావు, చూడ్డానికి ముద్దుగా ఉంటాయనా? దారిన పోయే మనిషి కూడా ఒక పూటలో నేర్చుకుని, తనకి కావలసినట్టు తగిలించుకోవాలని కోశాను. నువ్వు ముక్కల్ని భద్రంగానే ఉంచావు, కొక్కేలు మాత్రం గుప్పిట్లో పెట్టుకున్నావు. ఏ ప్రశ్నయినా నీ దగ్గరికే రావాలి, ఏ జవాబయినా నీ చేతి మీదుగానే పోవాలి. అన్నీ ఒక్కచోటే ఉన్న పెద్ద ప్రోగ్రాము మీ ఆస్పత్రిలో ఇప్పటికే ఒకటుందే పిచ్చిదానా. దానికి జడ కూడా ఉంది.

మా కంపెనీ సరుకు నాకేం నచ్చలేదు. అయినా దానికి జ్వరం రాదు కదా, నీకంటే అదే నయమనుకున్నాను. నిన్ను ఆ గదిలోంచి బయటికి లాగే దారి నాకు ఇంకోటి దొరకలేదు. నాకు చెల్లెలు కావాలే. ఉన్నది ఒక్కతివి, నిన్ను చూసి ఎన్నాళ్ళయింది!

శుక్రవారం ఎదురు మాట్లాడు. గట్టిగా మాట్లాడు. కానీ "నువ్వు లేని రోజు ఎవరమ్మా?" అని డాక్టరమ్మ అడిగితే ఏం చెబుతావో మాత్రం ముందే ఆలోచించుకో.

అక్క


అక్కా,

నీ ఉత్తరం చింపేద్దామనుకున్నాను. జడ దగ్గరికొచ్చేసరికి నవ్వొచ్చి ఆగిపోయాను. నిజం నిష్ఠూరంగానే ఉంటుంది మరి. నువ్వన్నావని కాదు గాని, నాకు జ్వరం వచ్చిన రోజు ఏం జరిగిందో తలుచుకున్నాను. ఒంట్లో సెగతో వెళ్ళి కుర్చీలో కూర్చున్నాను. ఎవరూ వద్దనలేదు, ఎందుకంటే ఎవరికీ రాదు.

ముందు బల్ల దగ్గర దాతలకి ఫోన్లు చేసే ఆవిడ ఉంది. గొంతు ఖంగుమంటుందని అందరం కంచుగారు అంటాం. రోజూ ఏదో ఒకటి నన్నడిగి, జవాబు పట్టుకుపోతుంది. నీ ఉత్తరం అందిన మర్నాడు ఆవిడ వస్తే జవాబివ్వలేదు, కుర్చీ ఇచ్చాను.

"నాకెందుకండీ ఈ గొడవ? ఏదన్నా చెడగొడితే?"

"ఇవి చూపించడమే గాని చెరపడం తెలియనివి. మీరెంత కొట్టినా ఏం కాదు."

ముక్కల పేర్లు ఒక్కోటీ కూడబలుక్కుని, "ఓస్, ఇవి మనం మాట్లాడుకునే మాటలేగా!" అంది. శుక్రవారం దాకా రోజూ కాసేపు కూర్చోబెట్టాను.

సమావేశంలో కుంభకర్ణుడు నిజంగానే బాగున్నాడక్కా, అబద్ధమెందుకు. రంగులు, బొమ్మలు, అన్నీ. అంతా చూశాక డాక్టరమ్మ అడిగింది: "ఒక్కసారి రక్తమిచ్చి మళ్ళీ రానివాళ్ళు ఎవరెవరు? ఎందుకు రాలేదో వాళ్ళనే కనుక్కుందాం."

"చాలా మంచి ప్రశ్న మేడమ్. రాసివ్వండి, ముందు ముందు పెట్టిస్తాం," అన్నాడు అతను.

అందరూ నా వైపు తిరిగారు. వేళ్ళు జిలపెట్టాయి. "కంచుగారూ, మీరు చూడండి," అన్నాను.

పాపం, తడబడింది. తీసెయ్ అనాల్సిన చోట ఏరు అంది. నాకు తెలిసిపోయింది. నోరు నొక్కుకుని, చేతులు ఒళ్ళో బిగించుకుని కూర్చున్నాను. ఆ కాసేపు నాకెంత కష్టమైందో నీకు తప్ప ఎవరికి చెప్పను! ఆవిడే తెర మీదికి వంగి, "ఇదేంటండీ, ఇందులో మా ఆయనున్నాడు! ప్రతిసారీ వచ్చేవాడు ఇక్కడెందుకున్నాడు?" అని తనంతట తానే కొట్టిన తప్పు మాట చెరిపేసింది. తర్వాత పోల్చు తీసింది. మొదటి ఏడాది రాశావే, దేనికీ పనికిరాదని నేను ముట్టుకోనే లేదు. మొదటిసారి ఇచ్చినవాళ్ళందర్నీ ఒక పక్క, తర్వాత మళ్ళీ వచ్చినవాళ్ళని ఒక పక్క పెట్టి పోల్చింది. ఇందులో ఉండి అందులో లేనివాళ్ళ పేర్లు బిలబిలమని వచ్చాయి. నేనయితే డొంకతిరుగుడుగా ఇంకెటో వెళ్ళేదాన్ని. నాకు తట్టలేదు, ఆవిడకి తట్టింది.

డాక్టరమ్మ లేచి ఆవిడ కుర్చీ వెనక్కి వెళ్ళి నిలబడింది. "ఇంకేమేం అడగొచ్చు?" అంది. అడిగింది కంచుగారిని, నన్ను కాదు. మన ముక్కలు ఉండిపోయాయి. అతను పెట్టె సర్దుకుంటూ "అక్కగారికి ఏం చెప్పమంటారు?" అంటే, నేనే రాసుకుంటానన్నాను.

నిన్న సెలవు చీటీ ఇచ్చి గది వైపు వెళ్ళాను. లోపల కంచుగారూ ల్యాబ్ అతనూ ఒకే తెర ముందు కూర్చుని, ముందు తీసి పేర్చాలా, పేర్చి తియ్యాలా అని కొట్టుకుంటున్నారు. నన్ను చూసి ఆవిడ తలెత్తి, "ఏమన్నా కావాలా అండీ?" అంది. నన్ను, నా గదిలో!

ఏమీ వద్దన్నాను. మెట్లు దిగి, గేటు దాటి, గోడ చాటుకి వచ్చాక ఏడుపు ఆగలేదు. దుఃఖమో సంతోషమో నాకే తెలియదు, రెండూ అనుకుంటాను.

ఆదివారం బండికి వస్తున్నాను. తిరుగు టికెట్టు కొనలేదు. వచ్చాక ఒక్కటి మాత్రం నిజం చెప్పాలి నువ్వు. బదిలీ మీద వెళ్ళే రోజు ఆ గది తాళం నా చేతిలో పెట్టి నవ్వుతూ వెళ్ళిపోయావే, సందు మలుపు తిరిగాక నువ్వూ ఇలాగే ఏడ్చావా?

నీ
చెల్లి