ఇవాళ బండి నేను తీసుకుపోతున్నాను

జావ కాచి పొయ్యి పక్కన మూతపెట్టి ఉంచాను. లేవగానే తాగి, ఈ చీటీ పక్కనున్న మాత్ర వేసుకోండి. జ్వరం తగ్గినట్టుందని బడికి మాత్రం పోకండి.

వసారాలో మోటారు సైకిలు లేదని పరేషాన్ కాకండి. దొంగలెవరూ ఎత్తుకుపోలేదు, నేనే తీసుకుపోతున్నాను. శామీర్‌పేట నుంచి బాలమణి పెనిమిటి సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు. "నొప్పులు మొదలైనయి నర్సమ్మా, జల్దీ రావాలె" అని వాకిట్లో నిలబడ్డాడు. రోజూ నన్ను దవాఖాన దగ్గర దింపేది మీరే కానీ, ఈ జ్వరంలో లేపబుద్ధి కాలేదు.

నాకు నడపడం ఎట్లా వచ్చిందంటారా? మీరు మెదక్ పోయిన వారమంతా మీ తమ్ముడు జక్కయ్య స్టేషను వెనక మైదానంలో నేర్పాడు. పాపం, అతన్ని తిట్టకండి. నిన్న సాయంత్రమే ప్లగ్గు విప్పి మసి గీకాను. ఆయిలు దొరక్క చైనుకు ఆముదం రాశాను. రేషను కూపన్ల మీద తెచ్చిన పెట్రోలు, ఒక్క చుక్క కూడా వృథా చేయను. చీర గోచీ పోసి కట్టుకున్నాను. మీ నిద్ర చెడకుండా వీధి చివరిదాకా తోసుకుపోయి, అక్కడ స్టార్టు చేస్తాను. నవ్వు మాత్రం ఆగడం లేదు.

ఎస్తేరు

రోజూ నేను ఎక్కగానే "ఎనక కూసున్నోళ్లు కదలొద్దు, బండి ఊగుతది" అని కసురుతారు కదా. ఈ ఆదివారం ప్రార్థనకు బండి నేను నడుపుతాను. మీరు కదలకండి.