అద్దంలో రెండు బళ్ళు

జనవరి 18

ట్రైలర్ కొన్నాను. రోటోటూనాలో, నారాయణ అంకుల్ దగ్గర. ఫిజీ నుంచి వచ్చి స్థిరపడ్డ తెలుగాయన, డెబ్బై దాటి ఉంటాయి. మోటార్ సైకిళ్ళు నిలబెట్టడానికి మూడు ఇనుప గాడులు, మడిచే ర్యాంపు, స్పేర్ చక్రం. కింద పడుకుని చూశాను. వెల్డింగులు గట్టివి. ఎడమ స్ప్రింగు దగ్గర కాస్త తుప్పు... గీకితే పోయేదే.

"మోకాళ్ళు పోయినయ్ బాబూ. లేకుంటే అమ్మేవాణ్ణి కాదు" అన్నాడు. బళ్ళు ఎవరెవరివని అడిగాడు. ఒకటి నాది, ఒకటి మా ఆవిడది అన్నాను. "ఆమె కూడా తోల్తాదా? శాబాష్!"

తిరిగి వస్తుంటే ఖాళీ ట్రైలర్ ప్రతి గతుక్కీ ఎగిరింది. బోటనీ డౌన్స్‌లో ఇంటికి చేరేసరికి వేళ్ళు స్టీరింగ్‌కి అతుక్కుపోయినట్టున్నాయి.

జనవరి 19

పద్మ ట్రైలర్ చుట్టూ రెండుసార్లు తిరిగింది. "ఇది బళ్ళకా, నాకా?"

బళ్ళకే అన్నాను. వెల్లింగ్టన్ దాకా హైవే మీద ఊరికే టైర్లు అరగదీయడం దేనికి, సౌత్ ఐలండ్‌లో దించుకుని మంచి రోడ్ల మీద మాత్రం తోలుకుందాం అన్నాను. అది చెప్పిన కారణం.

చెప్పనిది ఇక్కడ రాస్తాను. ఆగస్టులో ఇద్దరం బళ్ళ మీద కోరమాండల్ వెళ్ళినప్పుడు, ఒక మలుపులో కంకర మీద జారి పద్మ పడింది. ముందు నేనున్నాను. అద్దంలో తన లైటు లేదని అప్పుడే చూశాను. ఫోటో కోసం ఆగి ఉంటుందిలే అనుకున్నాను. రోడ్డు బాగుంది. పోయాను. ఎనిమిది కిలోమీటర్లు పోయాక వెనక్కి తిరిగాను. తనకి కాలర్‌బోన్ విరిగింది.

అందరికీ నేను చెప్పింది — వెంటనే వచ్చేశానని. పద్మకీ అదే చెప్పాను.

తన బండి ట్రైలర్ మీద ఉంటే, అద్దంలో కనిపిస్తూ ఉంటుంది. అంతే.

జనవరి 25

రెండు బళ్ళూ ఎక్కించి కట్టాను. ఒక్కో బండికి నాలుగు పట్టీలు. మోటార్‌వే మీద ఎనభై దగ్గర ట్రైలర్ అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టింది. బ్రేక్ వేయకూడదని ఎక్కడో చదివాను. వేయలేదు. వేగం దానంతట అది తగ్గేదాకా స్టీరింగ్ తిన్నగా పట్టుకుని... డెబ్బై దగ్గర ఊగడం ఆగింది.

నారాయణ అంకుల్‌కి ఫోన్ చేశాను. "బరువు ఎనక పెట్టినావా? ఎనక బరువుంటే అది నాట్యం ఆడతాది. ముందుకు జరుపు."

బళ్ళు నాలుగు అంగుళాలు ముందుకు జరిపాను. తొంభై దాకా కదల్లేదు.

పద్మకి ఊగిన సంగతి చెప్పలేదు.

జనవరి 26

రివర్స్ ప్రాక్టీసు. ఆల్బనీలో, ఆదివారం కాబట్టి ఖాళీగా ఉన్న కార్ పార్కులో. బోటనీలో అయితే ఎవరో ఒకరు తెలిసినవాళ్ళు చూస్తారు. స్టీరింగ్ ఎటు తిప్పితే ట్రైలర్ దానికి ఎదురు పోతుంది — బుర్రకి తెలుసు, చేతులకి తెలియడం లేదు. గంటన్నర. పద్దెనిమిది సార్లలో తిన్నగా వెళ్ళింది అయిదు.

"నేను చూడనా ఓసారి?" అంది పద్మ. ఇంకోసారి చూద్దువులే అన్నాను.

ఫిబ్రవరి 1

ఇంజనే లేని దానికి పూజేమిటి అన్నాను. "చక్రాలున్నాయిగా" అంది. నాలుగు నిమ్మకాయలు తెచ్చింది, రెండే పట్టాయి. మిగిలిన రెండూ పులిహోరకి. కొబ్బరికాయ ట్రైలర్ ముక్కు మీదే కొట్టింది.

ఫిబ్రవరి 8

బ్రేక్ లైట్లు వెలగడం లేదు. ఇండికేటర్ కూడా ఒక పక్కే. బల్బులు బాగానే ఉన్నాయి, వైర్లు బాగానే ఉన్నాయి. రెండు గంటలు వెతికితే — ట్రైలర్ వైర్లని కారుకి తగిలించే ప్లగ్గు. లోపల పిన్నులన్నీ పచ్చగా చిలుము, చీమలు కూడా. కొబ్బరినీళ్ళు అందులోకి కారాయి.

"దేవుడి నీళ్ళకే చెడిపోయేది, రేపు వానకి ఆగేదా? ముందే తెలిసింది, మంచిదేగా" అంది.

కొత్త ప్లగ్గు వేశాను. దేవుడి మాట ఎలా ఉన్నా, చూసుకోకుండా బయలుదేరి ఉంటే వెనక కారువాడికి నేను ఆగుతున్నట్టు తెలిసేది కాదు. వారం రోజులుగా అలాగే తిరుగుతున్నాను.

ఫిబ్రవరి 9

మ్యాపు పరిచాను. పద్మ పక్కన కూర్చుని టీ తాగుతూ — "ఇద్దరం బళ్ళెక్కి కొండ దాటితే, కారూ ట్రైలరూ ఎవరు తెస్తారండీ? నారాయణ అంకులా?"

ఇది నాకు తట్టనే లేదు. ఎన్ని కొలతలు కొలిచాను, కారు వెనక ట్రైలర్ తగిలించే బాల్ మీద ఎంత బరువు పడుతుందో కూడా తూచాను. ఇది తట్టలేదు.

చుట్టు తిరిగి కారు దగ్గరికే వద్దాం అన్నాను.

"గానుగెద్దులమా? వంతులేసుకుందాం. ఒకరు బండి, ఒకరు కారు. లూయిస్ పాస్ కొండదారి నాది. ముందే చెప్తున్నా."

సరే అన్నాను. 

ట్రైలర్‌తో తొంభై దాటకూడదు. తనకి వంద. అద్దం దాకా ఎందుకు, కంటికే అందదు.

ఫిబ్రవరి 15

బయలుదేరాం. తూరంగిలో బస. 340 కిలోమీటర్లు. గంటకోసారి ఆపి పట్టీలు చూశాను. మూడోసారి పద్మ సీటు వెనక్కి వాల్చి కళ్ళు మూసుకునే — "ఇంకా ఉన్నాయా బళ్ళు?"

ఫిబ్రవరి 17

సౌత్ ఐలండ్‌కి ఫెర్రీ. కార్లన్నీ కింద అంతస్తులో వదిలి పైకి రావాలి, మధ్యలో దిగనివ్వరు. మూడున్నర గంటలు ట్రైలర్ కనపడదు. అలలు పెద్దవే. మెట్ల దగ్గరి తలుపు దాకా మూడుసార్లు వెళ్ళొచ్చాను. "కట్టిన బండి ఎక్కడికి పోద్దండీ, కూర్చోండి" అంది. పులిహోర పెట్టింది. తినలేకపోయాను.

దిగి చూస్తే పట్టీ ఒక్కటి కూడా వదులవలేదు.

ఫిబ్రవరి 18

మర్చిసన్. నది చప్పుడు. రేపే పాస్. వాన లేదంటున్నారు. ఉంటే బాగుండు అనుకున్నాను. ఆ మాట రాయడానికే సిగ్గుగా ఉంది.

తన బండి చెయిన్ చూశాను, టైర్లు చూశాను, బ్రేకులు చూశాను. పక్కన నిలబడి ఉంది. "ఇంకేం మిగిలింది చూడ్డానికి?" అంది.

ఇప్పుడే చెప్పేస్తే పోయేది. నోరు తెరిచాను కూడా. పెట్రోల్ సరిపోతుంది అన్నాను.

ఫిబ్రవరి 19

వరసగా రాస్తాను.

స్ప్రింగ్స్ జంక్షన్‌లో తన బండి దించాం. నాదొక్కటే పక్క గాడిలో ఉంటే ట్రైలర్ ఒరుగుతుంది, మధ్య గాడిలోకి మార్చాను. హాన్మర్ వెళ్ళే రోడ్డు చీలే చోట కలుద్దాం అనుకున్నాం. దారిలో ఫోన్ సిగ్నల్ ఉండదు. పది గంటల పన్నెండు నిమిషాలకి తను కదిలింది. వెనకే నేను. రెండో మలుపుకే కనపడకుండా పోయింది.

కొండెక్కుతుంటే ఏ మలుపులో కంకర కనపడ్డా వేగం తగ్గించాను. బీచ్ చెట్ల అడవి, కింద ఏరు... ఏదీ చూడలేదు. గాలి పక్కనుంచి కొడుతోంది. అద్దంలో నా బండి, రోడ్డు, మళ్ళీ అద్దం.

చీలిక దగ్గరికి చేరాను. తను లేదు.

నాకంటే వేగంగా పోయిన మనిషి నాకంటే ముందు ఉండాలి కదా. లేదు. అంటే వెనక ఎక్కడో. అంటే దాటి వచ్చేశాను. మళ్ళీ.

ట్రైలర్ తిప్పాలి. రివర్స్ చేస్తే కారుకి అడ్డంగా మడత పడింది. ముందుకు తీసి మళ్ళీ... మళ్ళీ మడత. ఒక కాంపర్‌వాన్ ఆపి అడిగాను. ఎరుపు బండి, ఆడమనిషి, చూశారా? గమనించలేదన్నారు.

ఇరవై రెండు నిమిషాలకి వచ్చింది.

"ఎక్కడికి పోయావ్! బుద్ధుందా?" గట్టిగా అరిచాను. ఇరవై ఆరేళ్ళలో అలా అరవలేదు.

హెల్మెట్ తీసింది. మొహమంతా నవ్వే, ఇంకా తగ్గలేదు. "పైన చిన్న చెరువుందండీ, అద్దంలా. అక్కడ ఆగాను. మీరు నా ముందునుంచే పోయారు. చెయ్యి ఊపాను. రెండు చేతులూ ఊపాను."

అప్పుడు నేను అద్దం చూసుకుంటున్నాను.

"ఎంతసేపు నిలబడ్డారు?"

"ఇరవై రెండు నిమిషాలు."

తల ఊపింది. గ్లౌజులు తీసి బండి మీద పెట్టింది. "నేను పదిహేడు. ఆగస్టులో. వాచీ పగల్లేదుగా... దాన్నే చూస్తూ పడుకున్నా."

  పదిహేడు నిమిషాలంటే పోను ఎంత దూరం, రాను ఎంత దూరం — ఆ లెక్క చేయడం తనకీ వచ్చు. ఆర్నెల్లుగా నేను వెంటనే వచ్చానని చుట్టాలకి చెబుతుంటే, పక్కన కూర్చుని వింటూనే ఉంది.

రాత్రి అన్నంలోకి ఆవకాయ కూడా తనే వడ్డించింది.

ఫిబ్రవరి 20

హాన్మర్. తెల్లవారాక నిద్రపట్టింది, వెంటనే లేచాను. ఈరోజు బండి వంతు నాది. తనే తోలుతానంది. వైపారా దాకా. సరే అన్నాను.

తను జాకెట్ జిప్పు పెట్టుకునేదాకా ఆగాను. చెవుల్లో దూది లాంటివి పెట్టుకునేదాకా ఆగాను. హెల్మెట్ పెట్టుకుంది. బండి స్టార్ట్ చేసింది. అప్పుడు వచ్చింది నోటికి.

"ఆరోజు అద్దంలో నువ్వు లేవని చూశాను పద్మా. చూసే పోయాను."

నావైపు చూసింది. తల ఊపింది. విన్నానని ఊపిందో, ఇక పోదామని ఊపిందో. గేరు వేసి రోడ్డెక్కింది.

కార్లో కూర్చుని ఇది రాస్తున్నాను. ఇంజన్ ఆన్‌లోనే ఉంది. తను వెళ్ళి ఆరు నిమిషాలు. నేనింకా కదల్లేదు.