తలుపు పక్క సీటు

చిరంజీవి శిష్యురాలికి,

ఆశీస్సులు. నాటకోత్సవం వాళ్ళు కొత్త విమర్శకులకు తలా ఒక గురువును అంటగట్టారు. నీ వంతుకు నేను వచ్చాను. ముప్ఫై ఏళ్ళు పత్రికలో నాటక సమీక్షలు రాసినవాణ్ణి. ప్రస్తుతం కుడి మడమ విరిగి, కట్టుతో మంచం మీద ఉన్నాను. ఫోనులో పాఠం చెప్పడం నాకు చేతకాదు. నాటకాలు నువ్వు చూసి సమీక్షలు పంపు, నేను ఉత్తరాల్లో చీల్చి చెండాడతాను.

మూడు నాటకాలు, మూడు సమీక్షలు. అవి నచ్చితే సంతకం పెడతాను. ఆ సంతకం ఉంటేనే పత్రికవాళ్ళు నాటకాల శీర్షిక నీకిస్తారట. అది ఒకప్పుడు నా శీర్షిక, గుర్తుంచుకో.

నమూనాకి నా పాత సమీక్ష ఒకటి జత చేశాను. ‘రెండో అంకంలో ఆ తండ్రి నోరు విప్పకుండానే హాలంతటినీ ఏడిపించాడు’ అన్న వాక్యం కంఠతా పట్టు.

ఇట్లు,
నీ గురువు

తా.క. సమీక్షలో ‘ఆద్యంతం’ అన్న మాట కనిపించిందో, కట్టుకాలితోనే వచ్చి కొడతాను.

*

పూజ్యులైన గురువుగారికి,

నమస్కారాలు. నేను అదే పత్రికలో ప్రూఫులు దిద్దుతాను. ఎనిమిదేళ్ళుగా ఇతరుల పేర్లలో తప్పులు సరిచేస్తున్నాను. నా పేరు ఒక్కసారి అచ్చులో చూసుకోవాలని ఉంది, తప్పుతో పడ్డా సరే.

మొదటి సమీక్ష పంపుతున్నాను. మీరు వద్దన్న మాట వాడలేదు. ‘మొదటి నుంచి చివరిదాకా’ అని రాశాను.

ఒక సందేహం. నాటకం చూస్తూ రాసుకోవాలా, చూశాక రాసుకోవాలా? చీకట్లో రాసుకున్నది ఇంటికొచ్చి చూస్తే ఒక లైను మీదికి ఇంకో లైను ఎక్కి కూర్చుంది.

మీ శిష్యురాలు

తా.క. రెండు పాసులిచ్చారు. మా ఆయనది రెండో షిఫ్టు కాబట్టి మా అత్తగారిని తీసుకెళ్ళాను. ఆవిడ పట్టుబట్టి తలుపు పక్క సీట్లో కూర్చున్నారు. స్టేజీని చూసింది తక్కువ, జనం కాళ్ళను చూసింది ఎక్కువ. ‘ఇరవై నిమిషాలకే పదకొండు మంది చీకట్లో చెప్పులు వెతుక్కున్నారు. అక్కడ రాజు చచ్చిపోతుంటే మూడో వరసలో ఒకాయన గొడుగు బాగుచేసుకుంటున్నాడు. మొహాలకు మొహమాటం గానీ కాళ్ళకేం మొహమాటమే!’ అన్నారు. మీ నమూనా సమీక్ష చదివి వినిపిస్తే ఎక్కిళ్ళు వచ్చేదాకా నవ్వారు. ఎందుకో చెప్పలేదు.

*

చి. శిష్యురాలికి,

నీ సమీక్ష హాజరుపట్టీలా ఉంది. అందరి పేర్లూ ఉన్నాయి, ఏం జరిగిందో లేదు. పక్కన పారేయబోతుంటే తాజా కలం కంటబడింది. అమ్మాయీ, ఈ అత్తగారిని ఎక్కడ పట్టావు? నీ అభిప్రాయం నువ్వు చెప్పడానికి జంకి ఒక పెద్దావిణ్ణి సృష్టించావన్నమాట. ఫరవాలేదు, అందరం చేసిందే. కొత్తలో నేనూ ‘ఒక రసిక మిత్రుడు అన్నట్టు’ అని రాసేవాణ్ణి. ఆ మిత్రుడు ఇంతవరకూ పుట్టలేదు.

కాళ్ళ సంగతి మాత్రం నాకు కొత్త. రెండో నాటకంలో ఆవిడకు ఏం కనిపిస్తుందో తెలుసుకోవాలని మహా కుతూహలంగా ఉంది.

నీ గురువు

తా.క. గొడుగాయన కూడా కల్పనేనా?

*

గురువుగారికి నమస్కారాలు.

అయ్యో, మా అత్తగారు కల్పన కాదండీ! నేనిది రాస్తుంటే పక్క గదిలో నా ఎర్ర సిరా పెన్నుతో నేను దిద్దిన ప్రూఫులు మళ్ళీ దిద్దుతున్నారు.

రెండో నాటకంలో మాటలే లేవు. ఇద్దరు మనుషులు ఒక పెద్ద బల్లను చిన్న తలుపులోంచి బయటికి తేవడానికి గంటన్నర తంటాలు పడ్డారు. ఎందుకో నాకు అర్థం కాలేదు. అర్థం కాలేదని విమర్శకులు రాయవచ్చా? తెలియక ‘ప్రతీకాత్మకంగా ఉంది’ అని రాసి గట్టెక్కాను.

మీ శిష్యురాలు

తా.క. అత్తగారు ఏమన్నారంటే, ‘ఇవాళ ఒక్క కాలూ కదల్లేదు. ఇంటర్వెల్లో గంట ఇంకా కొట్టకుండానే టీ సగంలో వదిలేసి లోపలికి పరిగెత్తారు. సగం కప్పులు లెక్కపెట్టా, నలభై. ఇల్లు మారినప్పుడు మన బీరువా మెట్ల మధ్య ఇరుక్కుంటే వీధి వీధంతా పనులు మానుకుని చూడలేదూ! ఇంకేం అర్థం కావాలే నీకు?’ గొడుగాయన మళ్ళీ వచ్చాడు. ఈసారి గొడుగు సీటు కింద మర్చిపోయి వెళ్ళాడు.

*

చి. శిష్యురాలికి,

నీ ‘ప్రతీకాత్మకం’ చించేశాను. తాజా కలం మూడుసార్లు చదువుకున్నాను. అర్థం కాలేదని రాయవచ్చా అని అడిగావు. రాయవచ్చు. నేనెప్పుడూ రాయలేదు, ధైర్యం చాలక.

కానీ ఒక ప్రమాదం కనిపిస్తోంది. నా చంకలో కర్రలాగా నీకు అత్తగారు అలవాటైపోయారు. మూడోదానిలో సొంతంగా నిలబడకపోతే సంతకం పెట్టను. కాబట్టి మీ అత్తగారిని చంపెయ్యి. జంకకు. ఇన్నాళ్ళు కలిసి ఉన్నారు కనుక కష్టంగానే ఉంటుంది, అయినా ఆవిడ పోతేనే నీకు పేరొస్తుంది. ఒక్క దెబ్బతో వద్దు. ఎవరికీ అనుమానం రాకుండా, మెల్లమెల్లగా.

నీ గురువు

తా.క. పని అయిపోగానే తెలియజేయి.

*

గురువుగారూ,

కొంప మునిగింది. మీ ఉత్తరం అత్తగారి చేతిలో పడింది. అప్పటినుంచి నేను కలిపిన టీ ముందు నాచేత తాగించి, అరగంట ఆగి తాగుతున్నారు. అరగంటకి చల్లారిందని మళ్ళీ నన్నే కలపమంటున్నారు. మా ఆయన సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్నారు, ఎవరికి కాపలానో చెప్పరు. ఎల్లుండి మూడో నాటకానికి రమ్మంటే అత్తగారు చీకట్లో నా పక్కన కూర్చోనంటున్నారు.

మీ సంతకం లేకపోతే శీర్షిక పోతుంది. ఇదిలా ఉంటే ఇల్లే పోయేట్టుంది. మీరు చంపమన్నది పాత్రనే అని ఒక్క ముక్క రాయండి, మీకు పుణ్యముంటుంది. కింద ఆవిడే రాస్తారట.

మీ శిష్యురాలు

తా.క. అయ్యా, నేను అత్తగారిని. బతికే ఉన్నాను. నాటకశాల గేటు దగ్గర ఇరవై ఆరేళ్ళు టికెట్లు చింపాను. పత్రికవాళ్ళకిచ్చే సీటు తలుపు పక్కది. ఇంటర్వెల్ గంట కొట్టగానే బయటపడే మొదటి కాళ్ళు మీవే. గోధుమరంగు బూట్లు, ఎడమది కిర్రుమనేది. తిరిగి లోపలికి రాగా ఒక్కనాడూ చూడలేదు. మీరు నమూనాకి పంపిన సమీక్షలోని నాటకం ఒక్క ఆటే వేశారు. ఆ రోజు ఇంటర్వెల్లో తండ్రి వేషం వేసినాయన మెట్ల మీద జారి పన్ను విరగ్గొట్టుకున్నాడు. రెండో అంకం ఆడనే లేదు. జనాన్ని నేనే ఇళ్ళకి పంపించాను. నోరు విప్పలేదని రాశారు, అది నిజమే, విప్పలేకపోయాడు. ఏడ్చింది మాత్రం హాలంతా కాదు, ఆయనొక్కడే. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. మా కోడలు మాత్రం ఇలాంటి రాతలు నేర్చుకోకూడదు.

*

శిష్యురాలికీ, వాళ్ళ అత్తగారికీ,

నమస్కారాలు. అమ్మా, ముందు మీకు. మీ కోడలికి ఏ పాపమూ తెలియదు. నేను చంపమన్నది కాగితం మీది మనిషిని. మీరు కల్పన కాదని తను రాసినా నేనే నమ్మలేదు. టీ వేడిగా తాగండి.

మీరు రాసిందంతా నిజం. పేజీ తొమ్మిదింటికి కట్టేసేవారు. ఇంటర్వెల్లో లేస్తే తప్ప మర్నాటి పత్రికకి అందేది కాదు. మొదట్లో సిగ్గేసేది, తర్వాత అలవాటైపోయింది. మిగతా సగం కరపత్రంలో కథ చూసి రాసేవాణ్ణి. ఆ నమూనాని ఎంతోమందికి పాఠంగా పంపాను. ఒక్కరూ నవ్వలేదు. అదే నన్ను ఇప్పుడు ఎక్కువ బాధపెడుతోంది.

అమ్మాయీ, సంతకం జత చేశాను. మూడో సమీక్ష చూడకుండానే పెట్టాను. చూడకుండా మెచ్చుకోవడం నాకు కొత్తేమీ కాదు, కాకపోతే ఈసారి తప్పుకాదని నమ్మకం. నీకు చూపు ఉంది. లేకపోతే ఆవిడ మాటల్లో ఏవి రాయాలో నీకెలా తెలుస్తుంది? ఇకనుంచి తాజా కలం పైన రాయి, సమీక్ష కింద రాయి. ఆవిణ్ణి చల్లగా బతకనివ్వు.

మీ ఇద్దరి శిష్యుడు

తా.క. నిన్న మూడో నాటకంలో మీ ఇద్దరి మధ్య ఖాళీ సీట్లోకి చీకట్లో వచ్చి కూలబడ్డ కర్రల మనిషిని నేనే. ఇంటర్వెల్ గంట కొట్టగానే నా కాళ్ళు వాటంతట అవే లేచాయి. ఎడమ బూటు కిర్రుమంది. మీ అత్తగారు తల తిప్పకుండానే కాలు అడ్డం పెట్టి, ‘కూర్చోండి, దీనికి రెండో అంకం ఉంది’ అన్నారు. కూర్చున్నాను. ఏడ్చాను కూడా, గొడుగాయన రుమాలు ఇచ్చాడు. ‘ఆద్యంతం’ అన్న మాట మీద నిషేధం ఎత్తేశాను. చూసినవాళ్ళు వాడుకోవచ్చు.