మూసుకుపోయిన గాలపు కన్నాలు

తమ్ముడూ,

నువ్వు రైవాడ డ్యాం నీళ్ళలో మునిగిపోయి నేటికి ఏడాది. పొద్దున్నే దీపం పెట్టి దండం పెట్టుకున్నాను.

ఆ తర్వాత మన చిన్న తమ్ముడు సత్తిబాబు, నువ్వు సీసం కరిగించి తలలు పోసిన గాలాలు ముందేసుకుని కూర్చున్నాడు. సీసపు తలలకి ఎర్రరంగు వేసి, అది నీళ్ళలో లేచిపోకుండా పైన వార్నీషు పూసేడు. దారం కట్టే కన్నాలు పూడిపోకముందే సూదితో పొడవమని ఈ అక్క చేతికిచ్చేడు.

"ఎక్కడికిరా ఇవి?"

"రైవాడకే అప్పా. అన్న గాలాలు మరెక్కడేస్తాను?"

నేను ఒక్క కన్నమూ పొడవలేదు. వార్నీషు గట్టిపడిపోయింది. సాయంత్రం చూసి నవ్వేడు.

"కన్నాలు మూసేస్తే ఆగిపోతాననుకున్నావేటి? సూది కాల్చి తెరిసేస్తాను సూడు."

అన్నంత పనీ చేసేడు. గట్టిగా వద్దంటే చెప్పకుండా వెళ్తాడు. నువ్వూ అలాగే వెళ్ళేవు.

"నేనూ వస్తాను," అన్నాను.

"నువ్వా? గాలమేస్తావేటప్పా?"

"గట్టు మీద కూసుని నిన్ను సూస్తాను."

వాడు మరి నవ్వలేదు.

నువ్వు పోయేక ఆ నీళ్ళ మొహం నేను చూడలేదు తమ్ముడూ. రేపు చోడవరంలో రైవాడకి మొదటి బస్సెక్కుతాం.

మీ పెద్దప్ప