పద్దెనిమిది మెట్లు దిగలేని వాన మోడల్ గురించి

శ్రీయుత సంయుక్త సంచాలకులు గారి సముఖమునకు,
మెట్టపైర్ల వర్షసూచన పథకం.

కొనకనమిట్ల మండలం, రాళ్లవాగుపల్లె కాపురస్తుడు, నాలుగెకరాల మెట్టకు, ముప్పై రెండు గొర్రెలకు, సర్కారు వారి ఒక వానకొలత డబ్బాకు సంరక్షకుడైన బత్తుల పాపయ్య వ్రాసుకొన్న అర్జీ.

విషయం: పరిశోధనలో ఉన్నంతకాలం నిజం చెప్పి, అమలులోకి రావలసిన వేళకు నోరు మూయించబడిన వాన మోడల్‌ను తిరిగి మాట్లాడించుట, మరియు నా కంది విత్తనము గురించి.

అయ్యా,

1. రెండేండ్ల క్రిందట తమ పథకం వారు మా చేలో ఒక డబ్బా నాటినారు. పైన గరాటు, లోపల సీసా, పక్కన గీతల గాజు గ్లాసు. పరిశోధన చేస్తున్న సుస్మిత అనే అమ్మాయి వచ్చి నాకు పని నేర్పింది. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు సీసాలోని నీళ్లు గాజులో పోసి, ఎన్ని మిల్లీమీటర్లో చూసి ఫోనులో పంపవలెను. “పెద్దయ్యా, ఎంత ఉంటే అంతే పంపు. నీ సొంత తెలివి ఏమీ కలపొద్దు” అని మూడుసార్లు చెప్పింది. సొంత తెలివి వాడవద్దని సర్కారు నాకు చెప్పడం అది మొదటిసారి కాదు గనుక వెంటనే ఒప్పుకొన్నాను. ఇట్లా ఊరూరి నుంచి వచ్చిన అంకెలను కంప్యూటరులో వేస్తే, అందులోని లెక్కల యంత్రం, దానినే మోడల్ అంటారట, రాబోయే పదిహేను రోజులు మా ఊరికి వాన ఉందో లేదో చెప్పి మా ఫోనులకు పంపేది.

2. సదరు సమాచారం కింద ప్రతిసారి ఒక ముక్క ఉండేది: “ఇది పరిశోధన నిమిత్తము మాత్రమే. దీనిని నమ్మి సాగు నిర్ణయములు తీసుకొనరాదు.” బుద్ధెరిగిన నాటినుంచి సర్కారు నమ్మమన్నవన్నీ చూసినాము. నమ్మవద్దని తానే చెప్పినది ఇదొక్కటే. అందువల్ల నమ్మినాము.

నమ్మినందుకు మంచే జరిగింది. మొదటి ఏడు ఆరుద్ర కార్తెలో మంచి వాన పడి నేల పదునెక్కింది. మోడల్ మాత్రం ఇక పదమూడు రోజులు చుక్క లేదన్నది. నేను విత్తనం ఆపినాను. పక్క చేను కరుణాకరం గట్టు మీద నిలబడి, “ఏంది మామా, ఫోను మాట విని ఇంత పదును పోగొట్టుకుంటావా?” అని నవ్వినాడు. ఆయన విత్తినాడు. మొలక వచ్చింది, మాడిపోయింది. మరుసటి ఏడు ఆయన తన ఫోను చార్జింగు నాకంటే భద్రంగా చూసుకొన్నాడు.

3. ఈ జూన్ నుంచి సమాచారం ఆగిపోయినది. కారణం తెలుసుకొనుటకు నేను స్వయంగా తమ కార్యాలయమునకు వచ్చినాను. మేడ మీద పరిశోధన విభాగం, కింద అమలు విభాగం. మధ్యన పద్దెనిమిది మెట్లు, నేను లెక్కపెట్టినాను. పైవారు, “మా గడువు అయిపోయింది, మోడల్‌ను కిందికి అప్పగించినాము” అన్నారు. కిందివారు, “మేమింకా తీసుకోలేదు” అన్నారు. పైవారు ఇచ్చి, కిందివారు తీసుకోకపోతే అది ఏ మెట్టు మీద ఉన్నదో అని ఎక్కుతూ దిగుతూ వెతికినాను. ఏడో మెట్టు మీద ఒక చీపురు ఉంది. మా గొర్రెపిల్ల పుట్టిన రెండోనాటికి దిగగల మెట్లను ఇంత చదువుకున్న మోడల్ నెల దాటినా దిగలేకపోవడం విచారకరము.

సుస్మితకు ఫోను చేసినాను. “మోడల్ రోజూ నడుస్తానే ఉంది పెద్దయ్యా. మీ ఊరి సంగతి రోజూ చెప్తానే ఉంది. బయటికి పంపేదానికే ఉత్తర్వు లేదు” అని చెప్పింది. అనగా అది పరిశోధన కాదు, అమలూ కాదు. రెంటికీ చెడ్డ రేవడి.

4. పట్టువదలక అడిగిన మీదట కిందివారు ఒక కాగితం చూపినారు. మోడల్‌కు పరీక్ష పెట్టినారట. రెండేండ్లలో మా ఊరి విషయమున అది ఒకేఒక్క రోజు ఘోరముగా తప్పినదట. గత సంవత్సరం జూలై 22న వాన లేదని మోడల్ చెప్పగా, నా డబ్బాలో యాభై ఎనిమిది మిల్లీమీటర్లు నమోదైనదట. కావున అమలుకు అనర్హమట. సదరు రోజు గురించి ఇక్కడ ఎక్కువ వ్రాయుట అనవసరమని భావిస్తున్నాను.

అయితే ఒక సందేహం. ప్రస్తుతం అమలులో ఉన్న సూచన, “అక్కడక్కడ తేలికపాటి నుండి ఓ మోస్తరు జల్లులు పడవచ్చు, పడకపోవచ్చు” అని వస్తున్నది. ఇది ఇంతవరకు ఒక్కసారి కూడా తప్పలేదు, ఒప్పుకొంటాను. ఎప్పటికీ తప్పదు కూడా. మా గురమ్మ, అనగా నా భార్య, పప్పులో ఉప్పు సరిపోయిందా అంటే చెప్పే జవాబు కూడా ఇట్లాగే ఉంటుంది. ఆమెను ఏ పరీక్షా లేకుండా అమలులోకి తీసుకోవచ్చును.

5. మొన్న సోమవారం ఇరవై ఆరు మిల్లీమీటర్ల వాన పడినది. నేల పదునుగా ఉంది. విత్తాలా, ఆగాలా అన్నదే ప్రశ్న. నా దగ్గర ఒక్క గోతం కంది విత్తనమే ఉంది. విత్తినాక ఎండ కాస్తే మాడిపోతుంది, మళ్లీ విత్తేదానికి గింజ లేదు. ఆగితే పదును పోతుంది, మళ్లీ వాన ఎప్పుడో తెలియదు. ఆ సూచనలోని “అక్కడక్కడ” అనే ఊరికి పోయి విత్తుదామంటే అది ఏ మండలంలో ఉందో ఎవరూ చెప్పరు. అయ్యా, ఎగతాళి చాలు. నాకు భయంగా ఉంది. ముందు ఏండ్లలో తెలియక భయపడేవాణ్ణి. ఈ ఏడు తెలిసిన యంత్రం ఒకటి గదిలో కూర్చొని ఉండగా భయపడుతున్నాను.

కావున తమరు దయతలచి, సదరు మోడల్‌ను చెయ్యి పట్టుకొని మెట్లు దింపించవలెనని, ఈ అర్జీని మాత్రం పరిశోధన కింద కాక అమలు కింద చిత్తగించవలెనని ప్రార్థన.

తమ విధేయుడు,
బత్తుల పాపయ్య,
రాళ్లవాగుపల్లె, జూలై 9.

మరియొక మనవి: కాగితం మడత పెడుతుంటే గురమ్మ అడిగింది: “అసలు మాట రాసినావా?” లేదన్నాను. “రాయకుంటే ఈ కాగితం పొయ్యిలో పెడతా” అన్నది. అందుచేత వ్రాయుచున్నాను.

పోయినేడు జూలైలో మోడల్ పన్నెండు రోజులు వాన లేదని చెప్పింది. మొలిచిన కంది వాడిపోతున్నది. ఇరవై రెండో తేదీ పొద్దున్నే ఆడవాళ్లు రోకలికి కప్పను కట్టి, వేపమండలు చుట్టి, కప్పతల్లికి ఇంటింటా నీళ్లు పోయించుకొంటూ మా చేని దాకా వచ్చినారు. గురమ్మ డబ్బా ముందర ఆగింది. “అందరమూ కప్పతల్లికి పోసినాము. ఈ సర్కారు డబ్బా ఏం పాపం చేసింది? దీని గొంతు ఎండిపోతే మన గోడు పైవాళ్లకు ఎట్ల తెలుస్తాది?” అని ఇత్తడి చెంబెడు నీళ్లు దాని గరాటులో పోసి దండం పెట్టింది. మా చెంబు యాభై ఎనిమిది మిల్లీమీటర్లు పడుతుందని ఆ విధముగా తెలిసినది.

ఎనిమిదిన్నరకు నేను చూసినాను. డబ్బా చుట్టూ దుమ్ము లేస్తున్నది. ఎంత ఉంటే అంతే పంపమన్నారు, పంపినాను. దుమ్ము గురించి పంపేదానికి ఫోనులో గడి లేదు. తర్వాత చెబుదామంటే, డబ్బా తీసుకుపోతారని, ఊళ్లో నవ్వుతారని ఏడాది పాటు నోరు మూసుకొన్నాను. నేను మూసుకొంటే మోడల్ నోరు కూడా మూతపడుతుందని అనుకోలేదు.

ఆ రోజు వాన పడలేదు అయ్యా. మోడల్ చెప్పినదే నిజం. తప్పినవాణ్ణి నేను.

ఆ యాభై ఎనిమిదిని కొట్టివేసి సున్న వేయండి. నన్ను తీసివేసి డబ్బాను కరుణాకరానికి అప్పగించండి. చెంబును కూడా జప్తు చేసుకోండి. అవన్నీ తీరికగా చేయవచ్చును. ఈ కాగితం పట్టుకొని కరుణాకరమే తొలి బస్సుకు వస్తున్నాడు. పైనో కిందనో ఎవరో ఒకరు ఆ మోడల్‌ను ఒక్కమాట అడిగి అతనికి చెప్పి పంపండి. పదును రేపు సాయంత్రం దాకా ఉంటుంది. గోతం మూతి విప్పుకొని గురమ్మ చేని గట్టునే కూచోని ఉంది. మోడల్ విత్తమంటున్నదా, ఆగమంటున్నదా?