ముందే మాట్లాడిన ఉత్తరం

తమ్ముడు జెలిగ్‌కు దీవెనలు.

కష్టం దేవుడి పరీక్షేనని తోరా గ్రంథంలోని వాక్యాలతో నువ్వు రాసిన నాలుగు పేజీలూ అందాయి. చెల్లెలు పెస్యాకు ఇవ్వలేదు, క్షమించు.

కొడుకును మట్టిచేసినప్పటి నుంచి పెస్యా ఏడురోజుల సంతాపపు పొట్టి పీట దిగలేదు. దుఃఖంలో ఉన్నవాళ్ళు నోరు విప్పేదాకా ఓదార్చేవాళ్ళు మాట్లాడకూడదని ఊరందరికీ బోధించే రబ్బీవి నువ్వు. నీ ఉత్తరం ముందే మాట్లాడేసింది.

రొట్టెలమ్మే ద్వోషా రోజూ ఉడికించిన గుడ్లు తెచ్చి, మాట్లాడకుండా పక్కనే కూర్చుంటోంది. నాలుగోరోజైన నిన్న పెస్యా నా వైపు తిరిగి నోరు తెరిచింది.

"అక్కా, రబ్బీగారికి తీరిక లేదా? అన్నయ్య రాడా?"

"వస్తాడులేవే మొండిఘటమా, ముందు గుడ్డు తిను," అంది ద్వోషా. పెస్యా సగమే తింది.

ఏడోరోజు దాటకముందే రా. నీ ఉత్తరం నా ప్రార్థన పుస్తకంలో ఉంది, పెస్యా అడిగితే ఇస్తాను. కానీ అది అడిగింది నిన్ను.

మీ అక్క