పళ్లెంలో తిరిగి పెట్టేసిన మాట

నానక్‌రామ్‌గూడ,
శనివారం.

వాసంతి నాన్నగారికి,

ప్రభువు పేరిట మీ ఇంటిది రాసుకుంటున్న వందనాలు. ఇక్కడ నేనూ, అమ్మాయి వాసంతీ, మనవరాలు రసజ్ఞా క్షేమం. ఆ మాట ఒకసారి కొట్టేసి మళ్లీ రాశాను, ఇవాళ్టికి క్షేమమే కదా. మీరూ క్షేమమని తలుస్తాను. ఫోనులో నేనెంత అరిచినా మీ చెవికి ఎక్కదు, పక్కింటివాళ్లకే ఎక్కుతుంది. అందుకే ఈ ఉత్తరం.

ముందు మీరు అడిగినవి. నా మోకాలు అలాగే ఉంది. లిఫ్టు ఎక్కమంటారు అందరూ. మధ్యలో ఆగిపోతే ఎవరు తీస్తారండీ? నాలుగంతస్తులూ మెట్లమీదే. బస్సులో పంపిన ఎండు మెత్తళ్లు చేరాయి. వండితే ఆ చేపల వాసనకి ఎదురింటివాళ్లు తలుపులు వేసుకున్నారు, అమ్మాయి మాత్రం రెండు ముద్దలు ఎక్కువ తింది. చర్చి గంటకి కొత్త తాడు కట్టానని రాశారు. ముడి గట్టిగా వేశారా? ఊడి మీద పడితే? రసజ్ఞ పదో తరగతి పరీక్షలు బాగా రాసింది. తండ్రి లేని పిల్ల, రేపు తల్లి కూడా... చూశారా, రాయకూడనిది రాయబోయాను.

అమ్మాయి ఆపరేషన్ గురువారమే. రొమ్ములో గడ్డ తీసి పరీక్షకి పంపుతారట. చెడ్డదో కాదో ఆ తరవాతే గట్టిగా చెబుతారట. మొన్న దవాఖాన నుంచి షేర్ ఆటోలో వస్తుంటే నాకు ఏడుపాగలేదు. ఆటో నడిపే రవీందర్ మా కిందింట్లోనే ఉంటాడు. "గిట్ల ఏడిస్తే ఎట్ల పెద్దమ్మా? ఫికర్ చెయ్యకు, అక్క గట్టిది" అన్నాడు. "గట్టిది కాబట్టే భయం బాబూ, అది ఏడవదు" అన్నాను.

ఇక మీరు రెండు ఉత్తరాల్లో అడిగింది. "అమ్మాయికి ఈ ఏడు ఏ వాగ్దానం వచ్చిందో రాయి, దాన్ని పట్టుకుని ప్రార్థిస్తాను" అని. రెండుసార్లూ మరిచినట్టు దాటేశాను. మరవలేదండీ.

జనవరి ఒకటిన అమ్మాయికి సెలవు దొరకలేదు. ఆ అద్దాల టవర్లో ఊడ్చేవాళ్లమీద సూపర్‌వైజరు కదా. "నా వాగ్దానం కార్డు నువ్వే తియ్యమ్మా" అని వెళ్లిపోయింది. ఇక్కడి చర్చిలో ఆరాధన అయ్యాక అయ్యగారు పళ్లెంలో కార్డులు బోర్లించి తెచ్చారు. మీకు తెలిసిందే, ప్రార్థించి ఒకటి తియ్యాలి, వచ్చిందే ఆ ఏడాదికి దేవుడి మాట. అమ్మాయికని తీశాను. మూడో తరగతి చదువుతో కూడబలుక్కుని చదివాను. నీళ్లలోంచి వెళ్లినా నేను నీతో ఉంటాను, నిప్పులో నడిచినా కాలిపోవు అని. ఆ తోడు నాకు కనపడలేదండీ. నీళ్లూ నిప్పూ కనపడ్డాయి. అయ్యగారు అటు తిరగ్గానే దాన్ని పళ్లెంలో పెట్టేసి ఇంకోటి తీశాను. ఏ తెగులూ నీ ఇంటి దగ్గరికి రాదని ఉంది. హమ్మయ్య అనుకుని అదే తెచ్చి ఇచ్చాను. అమ్మాయి మురిసిపోయి మెడలో వేసుకునే ఆఫీసు కార్డు వెనక పెట్టుకుంది.

గడ్డ బయటపడిన రోజు ఆ వాగ్దానాన్ని తీసి బల్లమీద పడేసింది. "రాదన్నాడు కదమ్మా. మీ దేవుడు మాటిచ్చి తప్పాడు" అంది. మీ దేవుడట! మీరు చేతులు జోడించి ప్రార్థన నేర్పిన పిల్ల. ఆరు ఆదివారాలు చర్చికి రాలేదు. అదీ మీకు రాయలేదు. నేను ఆయన మాట మార్చబట్టే ఈ జబ్బు వచ్చిందేమోనని ఒక భయం. చెబితే నా మొహం చూడదేమోనని ఇంకో భయం. నా తప్పు ఆయన మీద పడుతుంటే నోరు మూసుకుని కూర్చున్నాను.

నిన్న చెప్పేశాను. ఇద్దరం చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నాం. తలెత్తకుండా మొత్తం చెప్పాను. అమ్మాయి చేతిలో చిక్కుడుకాయ పక్కన పెట్టేసింది.

"దేవుడి పళ్లెంలో కూడా ఏరుకోవడమేనా అమ్మా? కూరల బండి అనుకున్నావా?" అంది.

"నా వల్లే వచ్చిందేమోనే."

"కార్డు మారిస్తే గడ్డలొస్తాయా, పిచ్చిదానా! మొదట వచ్చిందేంటో చెప్పు."

చెప్పాను. మళ్లీ చెప్పమంది.

"అయితే నీళ్లు ఉండవనలేదు."

"అనలేదు."

"తోడుంటానన్నాడు."

"అన్నాడమ్మా."

"అంటే ఆయన నాకు అబద్ధం చెప్పలేదు" అంది. అప్పుడు ఏడ్చిందండీ, ఇన్నాళ్లకి. తరవాత మందుల కవరు చింపి "రాసివ్వు" అంది. నా కోడిగీతలతోనే రాశాను. ఆఫీసు కార్డు వెనక పెట్టుకుంది.

నా భయం పోలేదు. ఇన్నాళ్లూ ప్రార్థనంటే అది రానివ్వకు, ఇది చెయ్యి అని ఆయనకి పని చెప్పడమే అనుకున్నాను. ఇవాళ పొద్దున "నీ చిత్తం" అనబోతే సగమే వచ్చింది. మిగతా సగం మీరు అనండి.

గురువారం ఉదయం ఎనిమిదింటికి లోపలికి తీసుకెళతారట. ఆ వేళకి గంట కొట్టకండి. వేళ కాని వేళ మోగితే ఎవరో పోయారని ఊరంతా పరిగెత్తుకొస్తుంది. ఊరికే తాడు పట్టుకుని నిలబడండి. గంట మోగిందని మీకు చెవితో కాదు, చేత్తోనే తెలుస్తుందంటారు కదా. ఆయన ఉన్నాడో లేదో కూడా ఆ చేత్తోనే చూసి నాకు రాయండి.

ఇట్లు,
మీ ఇంటిది,
సువార్తమ్మ